రామచంద్రప్ప నాలుక

పుంగనూరులో నేను ల్యాబ్ పెట్టి రక్తం తీయడం మొదలుపెట్టి ఇరవై ఎనిమిదేళ్లయింది. ఈ ఊళ్లో సగంమంది పేర్లు నాకు గుర్తుండవు, చేతులు గుర్తుంటాయి. బజార్లో ఎవరైనా ‘ఉషారాణమ్మా, బాగుండావా’ అని పలకరిస్తే ముందు నా చూపు పోయేది వాళ్ల మోచేతి మడత మీదికే. నరం సులువుగా దొరికే మనిషైతే నిలబడి మాట్లాడతాను. మూడుసార్లు పొడిస్తే గానీ చుక్క రాని మనిషైతే పనుందని చెప్పి వెళ్లిపోతాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు, నాకే తెలుసు. కానీ ఇరవై ఎనిమిదేళ్లు తాగుబోతుల రక్తం తీసి, వాళ్లు చెప్పే అబద్ధాలు విన్నాక ఎవరి నోరు మంచిగా ఉంటుందో నాకు చూపించండి.

అందుకే నేను ఒక మనిషిని పొగుడుతూ రాయడానికి కూర్చున్నానంటే మా ఇంట్లోవాళ్లే నమ్మలేదు. ఆ మనిషి రామచంద్రప్ప, పెండ్లి వంటల మాస్టరు. పెద్దతిప్పసముద్రం వైపు గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టాడు. గొర్రెల వెంట తిరగలేక మదనపల్లెలో ఒక వంట బృందంలో చేరి, అంట్లు తోమడం నుంచి మొదలుపెట్టి, నలభై దాటేసరికి తన కిందే ఎనిమిదిమందిని పెట్టుకునేంత వాడయ్యాడు. మా అమ్మాయి పెండ్లికి వండింది ఆయనే. ఆ రోజు చారు అడిగి అడిగి పోయించుకున్న మా వియ్యపురాలు, ఈనాటికీ నన్ను తలుచుకోదు గానీ ఆ చారును తలుచుకుంటుంది.

ఆయన పొయ్యి దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఎనిమిదిమందిలో ఎవరైనా కూరలు తరగొచ్చు, పోపు పెట్టొచ్చు, గుండిగలు దించొచ్చు. ఉప్పు మాత్రం ఒక్క చెయ్యే వెయ్యాలి, అది మాస్టరు చెయ్యి. “ఇద్దురు ఉప్పేస్తే పప్పు పాడు, ఎవురూ ఎయ్యకపోతే పెండ్లి పాడు” అనేవాడు. పప్పు ఉడుకు పట్టాక గంటెతో ఒక చుక్క ఎడమ అరచేతిలో పోసుకుని, నాలుకతో తాకి, కళ్లు మూసుకునేవాడు. బృందమంతా చేతిలో పని ఆపి ఆయన వైపు చూసేది. కళ్లు తెరిచి తల ఊపితే సరిపోయినట్టు. ఊపకపోతే ఇంకో గుప్పెడు పడేది. ఇంకెవరైనా ఉప్పు డబ్బా మీద చెయ్యి వేస్తే ఆ రోజుకి ఆ మనిషికి పొయ్యి దగ్గర చోటు లేదు.

ఇంకో ఆచారం కూడా ఉంది. ఇది ఏ శాస్త్రంలోనూ లేదు, ఏ పెండ్లిలోనూ తప్పదు. పొయ్యి ముట్టించే ముందు పెండ్లివాళ్లు మాస్టరుకు పళ్లెంలో తాంబూలం ఇస్తారు. ఆకు, వక్క, టెంకాయ, పసుపు కుంకుమ, పక్కనే పేపర్లో చుట్టిన ఒక సీసా. రాత్రంతా నిప్పుల ముందు నిలబడే మనుషులు గదా అని. సీజన్‌కు అరవై పెండ్లిళ్లుంటే అరవై సీసాలు. రామచంద్రప్ప తూలేవాడు కాదు, ఎవరినీ ఒక మాట అనేవాడు కాదు. అందుకే ఆయన్ను ఎవరూ తాగుబోతు అనలేదు. పాతికేళ్లు అలా సాగాక ఒక వేసవిలో కళ్లు పచ్చబడ్డాయి, కాళ్లు వాచాయి, కడుపు నీళ్లతో ఉబ్బి బిర్రుగా అయింది. మదనపల్లెలో ఇరవై రెండు దినాలు ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. ఆయన్ను చూసిన డాక్టరు ఆదినారాయణ లివర్ సగానికి పైగా పాడైపోయిందనీ, ఇకమీద ఒక్క గుక్క తాగినా తన దగ్గరికి రావద్దనీ చెప్పాడు. భార్య ముత్యాలమ్మను పిలిచి వంటలో ఉప్పు బాగా తగ్గించమన్నాడు, చిటికెడు దాటకూడదన్నాడు.

మానేస్తామని నా ముందు ఒట్టు పెట్టుకున్నవాళ్లను లెక్కపెడితే ఒక పంచాయతీకి సరిపోతారు. వాళ్లలో చాలామంది పని మానేసి ఇంట్లో కూర్చుని మందు మానేస్తామంటారు. రామచంద్రప్ప పని మానలేదు. ఇల్లు గడవాలి మరి. ప్రతి పెండ్లిలోనూ ఆ పళ్లెం ఆయన ముందుకొస్తూనే ఉంది. వద్దంటే ఇచ్చేవాళ్లకు అశుభం, కాబట్టి తీసుకునేవాడు. తీసుకుని, సీసాను బృందం వైపు జరిపి, ఆకూ వక్కా తను నోట్లో వేసుకునేవాడు. ఎనిమిది నెలల్లో ఇలా నలభైసార్లు చేశాడు. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు గదా, ఊళ్లో సగంమంది నమ్మలేదు. నేను నమ్మాను. నాకు మాటలతో పనిలేదు, ప్రతి నెలా ఆయన రక్తం నా చేతికొచ్చేది.

తాగి లివర్ పాడు చేసుకున్నవాళ్ల రక్తంలో లివర్ ఒక్కటే తెలుస్తుందని అందరూ అనుకుంటారు. నాకైతే ముందు కనిపించేవి లవణాలు. సోడియం పడిపోతుంది, పొటాషియం తగ్గుతుంది, మెగ్నీషియం ఉండీ లేనట్టు ఉంటుంది. ఒకసారి రామచంద్రప్ప రిపోర్టులో సోడియం నూట ఇరవై ఎనిమిది వచ్చింది, ఉండవలసిన దానికంటే బాగా తక్కువ. ముత్యాలమ్మ ఇంటి పక్కావిడ అది చదివి, సోడియం అంటే ఉప్పే గదా, డాక్టరు మాట విని మొగుణ్ణి చంపుకుంటాండావు, పొద్దునా సాయంత్రం ఉప్పు నీళ్లు తాపు అని బోధించింది. మా ప్రాంతంలో సగం మంది చేసే తప్పే ఇది. అదృష్టం బాగుండి ముత్యాలమ్మ గ్లాసులో ఉప్పు కలిపే ముందు నా దగ్గరికి వచ్చింది.

“మజ్జిగలో నీళ్లెక్కువ పోస్తే చప్పబడతాది గదా, అట్ల. మీ ఆయన ఒంట్లో ఉప్పు తక్కువై కాదు, నీళ్లెక్కువై అట్ల కనబడతాండాది. ఇంకా ఉప్పేస్తే ఇంకా నీళ్లు నిలబడతాయి. ఈ సారి ఎవురైనా వైద్యం చెప్తే నా దగ్గరికి పంపించు” అని కసిరాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. “సరేమ్మా” అని తలూపి వెళ్లింది. ముత్యాలమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అప్పట్లో నేను ఆమెను పెద్దగా పట్టించుకోలేదు కూడా.

జనవరిలో మదనపల్లెలో ఒక బారసాలకు రామచంద్రప్ప వండిన చారు నోట్లో పెట్టుకోలేనంత ఉప్పయింది. పిల్లలు ఉమ్మేశారు. రెండు వందల మంది ముందు ఇంటాయన వచ్చి, గుండిగ వంచి మోరీలో పారబోయించాడు. అసలేం జరిగిందో రామచంద్రప్పకు ఒక్కడికే తెలుసు. చేతి అలవాటుతో వేసిన ఉప్పు సరిగ్గానే పడింది. అరచేతిలో చుక్క పోసుకుని నాలుకతో తాకితే ఏమీ తెలియలేదు. ఇంకో గుప్పెడు వేశాడు. మళ్లీ తాకాడు, ఏమీ లేదు. మళ్లీ వేశాడు. పాతికేళ్లకు పైగా ఆయన చెయ్యి తప్పు చేసిందేమో గానీ నాలుక ఎప్పుడూ చేయలేదు. అందుకే చేతిని కాదని నాలుకను నమ్మాడు.

తర్వాత ఆలోచిస్తే చాలా నెలలుగా రుచి కొంచెం కొంచెంగా పోతూ వచ్చిందని, పొయ్యి దగ్గర చేతి అలవాటే నెట్టుకొచ్చిందని, ఇంట్లో అన్నం, మట్టి ఒకటే మాదిరిగా ఉన్నాయని ఆయనకు అర్థమైంది. చప్పిడి కూడు తినేవాడికి చప్పగా ఉండక ఏముంటుంది అని సరిపెట్టుకున్నాడు. ఇప్పుడు చారు సంగతి విన్న పాత స్నేహితులు, ఆయన చెప్పకుండానే ఊహించి వేరే కారణం చెప్పారు. మందు మానేస్తే నాలిక సచ్చిపోతాది మాస్టరూ, ఎవుర్నన్నా అడుగు, ఒక్క మూత ఏసుకుంటే మళ్లా లేస్తాది అన్నారు. నాకు ఇలాంటి వైద్యుల్ని చూస్తే ఒళ్లు మండుతుంది. వీళ్లు జ్వరానికి మందే మందంటారు, జలుబుకు మందే మందంటారు, మందు వల్ల వచ్చిన రోగానికి కూడా మందే మందంటారు.

మాస్టరుకు నాలుక పోయిందంటే గొంతు పోయిన హరికథకుడి సంగతే. పని పోతుంది, పేరు పోతుంది. ఆయన ఎవరికీ చెప్పలేదు. నెల తప్పకుండా చూపించుకునే డాక్టరు ఆదినారాయణకు మాత్రం నోటికేమీ తెలియడం లేదని గొణిగాడు. డాక్టరు వెంటనే జింకు పరీక్ష రాసి నా దగ్గరికి పంపాడు. ఎక్కువ కాలం తాగినవాళ్ల ఒంట్లోంచి జింకు మూత్రంలో కొట్టుకుపోతుంది, పాడైన లివర్ దాన్ని పట్టి ఉంచలేదు. జింకు బాగా తగ్గితే రుచి తెలియదు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేస్తే ఇది రాయడమే దండగ.

జింకు పరీక్షకు మామూలు ట్యూబు పనికిరాదు. దాని రబ్బరు మూతలోనే కొంచెం జింకు ఉంటుంది, అది రక్తంలోకి దిగి అంకెను పెంచేస్తుంది. అందుకోసమే ముదురు నీలం మూత ట్యూబులు వేరేగా వస్తాయి. పుంగనూరులో జింకు పరీక్ష ఏడాదికి ఒకరు చేయించుకుంటే ఎక్కువ, నా దగ్గర నీలం ట్యూబులు అయిపోయాయి. తెప్పించడానికి మూడు రోజులు పడుతుంది. ఒకసారికి ఏమవుతుందిలే అని ఎర్ర మూత ట్యూబులోకి తీసి బెంగుళూరు పంపాను. తొంభై ఆరు వచ్చింది, మామూలు మనిషికి ఉండేటంత. కింద చిన్న అక్షరాలతో ‘శాంపిల్ తగిన ట్యూబులో రాలేదు’ అని కూడా రాసి పంపారు. నేను అది చదివాను. చదివి, మడిచి, రామచంద్రప్ప చేతికిచ్చాను.

“అయితే రక్తంలో ఏమీ తక్కువ లేదన్న మాట” అన్నాడాయన.

నేను పక్కనున్న సూదుల డబ్బా సర్దుతూ ఉండిపోయాను. ఆయన రిపోర్టు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అది సోమవారం. శుక్రవారం కుప్పంలో ఆయనకు పెద్ద పెండ్లి ఉంది, ఎనిమిది వందల మందికి వంట.

గురువారం పదకొండు గంటలప్పుడు ముత్యాలమ్మ ల్యాబ్‌కు వచ్చింది. చేతిలో మందుల డబ్బా, వారంలో ఒక్కో రోజుకు ఒక్కో గది ఉండేది. గురువారం, శుక్రవారం, శనివారం గదులు నిండుగానే ఉన్నాయి.

“మా ఆయప్ప పొద్దున్నే కుప్పానికి పోయినాడు. మాత్రలు ఈడనే పెట్టి పోయినాడు” అంది.

“మర్చిపోయుంటాడులే.”

“మరిసిపోలేదమ్మా. నేను గుర్తుచేస్తే ఈ మూడు దినాలు వద్దన్నాడు. మందు తాగి ఈ మాత్రలు మింగితే పానం పోతాదని డాక్టరు ముందే చెప్పినాడు గదా. ఆయప్పకి అది బాగా గుర్తుండాది.”

ఆమె ఏం చెబుతోందో నాకు అర్థమైంది. రక్తంలో లోపం లేదంటే స్నేహితులు చెప్పిన ‘ఒక్క మూత’ వైద్యమే నిజమనుకున్నాడు. కుప్పంలో పళ్లెంలో సీసా వస్తుంది, ఈసారి అది బృందం వైపు పోదు. ల్యాబ్‌కు తాళం వేసి, ఆమెతో కలిసి పలమనేరు బస్సెక్కాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

పలమనేరులో దిగి కుప్పం బస్సెక్కాక ఆమెకు ట్యూబు సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. ఆమె వి.కోట దాటేదాకా ఒళ్లో ఉన్న మందుల డబ్బా మూతలు ఒక్కొక్కటే తెరిచి మూసింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

“ఆ మాట ఆయప్పకి చెప్పు. నాకు చెప్తే ఏమొస్తాది?”

కల్యాణమండపం వెనక పెరట్లోకి వెళ్లేసరికి ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని నానిన అనపగింజల తొక్క పితికి పప్పు తీస్తున్నారు. మా వైపు చలికాలం పెండ్లికి పితికిపప్పు లేకపోతే అది పెండ్లి కింద లెక్కలేదు. అప్పటికే పొయ్యి పూజ అయిపోయింది, సాయంత్రం విందుకు మొదటి గుండిగలో పప్పు ఉడుకుతోంది. రామచంద్రప్ప ఇటుకల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన తాంబూలం పళ్లెం, పళ్లెంలో సీసా. దాని పేపరు విప్పి ఉంది. నా చూపు ముందు మూత మీదికే పోయింది. సీలు తెగలేదు.

ఆయన మమ్మల్ని చూసి లేచాడు. నేను పక్కకు పిలిచి చెప్పొచ్చు. కానీ పక్కకు పిలిస్తే నా నోరు మళ్లీ మడత పేచీ పెడుతుందని భయపడి, ఉన్నచోటే, అందరూ వింటుండగానే చెప్పాను.

“రామచంద్రప్పన్నా, నీ రక్తం నేను తప్పు ట్యూబులో తీసినాను. ఆ రిపోర్టు నిజం కాదు. తప్పని కింద రాసుంటే చదివి కూడా నీకు చెప్పలా. నన్ను ఎన్ని తిట్టినా పడతాను. ఆ సీసా మాత్రం ముట్టొద్దు.”

గింజలు పితికే ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. ఆయన నా దగ్గరికి వచ్చాడు.

“అయితే నా నాలిక మందు మానేసినందుకు పోలేదా?”

“కాదు. తాగినందుకే పోయుంటాది. నువ్వు మానే ముందే పోవడం మొదలయ్యుంటాది, అప్పుడు నీకు తెలిసుండదు. మళ్లీ రక్తం తీస్తే తెలుస్తాది.”

“తిరిగొస్తాదా?”

వస్తుందని చెబితే ఆయన మొహం వెలిగేది. కానీ వారంలో రెండోసారి ఆయనకు అబద్ధం చెప్పలేకపోయాను. “కొందరికి వస్తాది. కొందరికి రాదు. నెలలు పడతాది” అన్నాను.

ఆయన తలూపాడు. ఆ తర్వాత చేసిన పనిని నేను చచ్చేదాకా మరచిపోను. చేతులు కడుక్కుని, ఉప్పు డబ్బా తీసుకుని, మునిశేఖర్ దగ్గరికి నడిచాడు. మునిశేఖర్ అంటే పదిహేనేళ్లుగా ఆయన కింద పనిచేస్తున్న మనిషి, ముప్పై ఐదేళ్ల వాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. డబ్బా అతని ముందు పెట్టి, “ఇంకమీంట ఉప్పు నువ్వెయ్యి” అన్నాడు.

మునిశేఖర్ వెనక్కి జరిగాడు. “మాస్టరూ, నేనెట్ల ఏసేది? నాకొద్దు.”

“నువ్వెయ్యకపోతే ఎనిమిదొందలమంది చప్పిడి తినిపోతారు. నా నాలిక పనిచెయ్యడం లా. ఎయ్యి నాయనా.”

అంతటితో ఆగలేదు. పెండ్లికూతురి తండ్రి శ్రీరాములు, కుప్పంలో కిరాణా వ్యాపారి, ఏదో గొడవ జరుగుతోందని పెరట్లోకి వచ్చాడు. దాచుకోవడానికి అప్పుడైనా దారి ఉంది. రామచంద్రప్ప ఆయనకెదురుగా నిలబడి, చేతులు కట్టుకుని చెప్పాడు.

“అన్నా, నాకు రుచి తెలీడం లా. ఇన్నాళ్లు దాచినా. ఉప్పు ఈ మునిశేఖరు ఏస్తాడు, మిగతాదంతా నేను చూసుకుంటా. మీకు సమ్మతం కాకపోతే ఇప్పుడే చెప్పండి. మీరిచ్చిన బయానా తిరిగిచ్చేసి, ఎవుర్నన్నా నేనే పిలిపిస్తా.”

శ్రీరాములు గుండిగ వైపు, మునిశేఖర్ వైపు చూశాడు. “మదనపల్లె చారు సంగతి నాకు పోయిన నెలలోనే తెలుసు లేప్పా. తెలిసే పిలిపించినా. పప్పు అడుగంటతాండాది, ముందు అది చూడు” అని లోపలికి వెళ్లిపోయాడు.

మునిశేఖర్ ఉప్పు వేశాడు, చుక్క అరచేతిలో పోసుకుని కళ్లు మూసుకున్నాడు. ఈసారి బృందంతో పాటు రామచంద్రప్ప కూడా పని ఆపి అతని వైపు చూశాడు. అతను తలూపాడు. ఆ మర్నాడు పితికిపప్పు బ్రహ్మాండంగా ఉందని ఎనిమిది వందల మందీ అన్నారు. నేనూ తిన్నాను, బాగుంది. ఆ సీసా ఏమైందని అడగకండి. దాన్ని మట్టిలో పారబోశారని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ, బృందంలో ఇద్దరు దాని సంగతి చూసుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన్ను అడిగాను, మేము వచ్చేసరికి సీసా ముందు పెట్టుకుని ఎందుకు తాగలేదని. ఆయన దాచకుండా చెప్పాడు. “తాగాలనే పోయినా ఉషమ్మా. పేపరు కూడా విప్పినా. అప్పుడొక బయమేసింది. తాగినా రుచి తెలీకపోతే పరవాలేదు, ఊరుకుంటా. తాగినాక రుచి తెలిస్తే? రేపట్నుంచి దినామూ తాగి ఉప్పెయ్యాల్సిందే గదా. అదే ఆలోచిస్తా కూర్చున్నా.” ఇన్నేళ్లలో నా ల్యాబ్ బల్ల మీద కూర్చున్న ఏ తాగుబోతూ, ఏ డాక్టరూ ఈ మాట అనలేదు. నేను లేకపోయినా ఆయన ఆ సీసా మూత తీసేవాడు కాదని నా నమ్మకం. నా తప్పు ఆయన్ను అంచుదాకా తోసింది, ఆగింది మాత్రం ఆయనే.

మంగళవారం నీలం మూత ట్యూబు వచ్చింది. పరగడుపున రక్తం తీశాను. జింకు ముప్పై ఎనిమిది, ఉండాల్సిన దాంట్లో సగం. డాక్టరు జింకు మాత్రలు, వాటితో పాటు మెగ్నీషియం రాశాడు. ఆయనకు నా తప్పు నేనే చెప్పాను. ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, అన్నీ నాకు తగినవే.

ఆ తర్వాత ఎనిమిది నెలలు రామచంద్రప్ప నాలుక లేకుండానే వంట చేశాడు. ప్రతి పెండ్లివాళ్లకూ ఒప్పుకునే ముందే చెప్పేవాడు, నాకు రుచి తెలీదు, ఉప్పు మావాడేస్తాడు అని. కొందరు వేరేవాళ్లను చూసుకున్నారు. కొందరు వెనక నవ్వుకున్నారు. సదుంలో ఒక పెద్దమనిషి ముఖం మీదే, కళ్లు లేనోడు బండి తోలినట్టుండాదే అన్నాడట. “తోలేది మునిశేఖరు, నేను దారి చెప్తాండా” అని ఆ వంట కూడా ఒప్పించుకుని వచ్చాడు. నెల నెలా నా దగ్గరికొచ్చి చెయ్యి చాపేవాడు. ముప్పై ఎనిమిది యాభై అయింది, యాభై అరవై రెండైంది. అంకె పెరుగుతోంది గానీ నోటికేమీ తెలియడం లేదు. ఒక్కసారి కూడా నన్ను నిష్ఠూరమాడలేదు. తిట్టని మనిషి ముందు నిలబడడం ఎంత కష్టమో నాకు ఆ నెలల్లో తెలిసింది.

అక్టోబరులో ఒక పొద్దున నేను ల్యాబ్ తెరవక ముందే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పట్టీ కట్టాను. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాగి వచ్చాడేమోనని వంగి వాసన చూశాను కూడా. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చూశాను.

“నిన్న మధ్యాన్నం నాలిక వచ్చింది ఉషమ్మా” అన్నాడు.

సంతోషంతో నేనేదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు.

“ముద్ద నోట్లో పెట్టుకుంటే పప్పులో ఉప్పు లేదని తెలిసింది. లేదని తెలిస్తే ఎంత సంతోషమయిందో సూడు. వారం దినాలుగా పులుపు తెలుస్తాండాది, నేనే నమ్మలా. నిన్న ఉప్పు లేదని బాగా తెలిసింది. అప్పుడు మా ముత్యాలు పక్కన కూర్చోని తింటాండాది. నాది చప్పిడి కూడు, దానిది మంచి కూడు గదా, ఉప్పు రుచి ఎట్లుంటాదో ఒక్క ముద్ద చూద్దామని దాని పళ్లెంలో చెయ్యి పెట్టినా. వద్దు వద్దని పళ్లెం లాగేసింది. డాక్టరు వద్దన్నాడు అంటాది. ఒక్క ముద్దకే సస్తానా అని తీసుకోని తిన్నా.”

నేను సూది తీసుకుని, నరం కోసం వేలితో తడిమాను.

“దాంట్లోనూ లేదు ఉషమ్మా. అదే పప్పు. ఎన్నాళ్లాయ ఇట్ల అని అడిగితే, నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చినకాణ్నించి అనింది. యాల అంటే, ఇద్దురికి రెండు కుండలు యాడ పెట్టేది అనింది. పదారు నెల్లు. ఇంట్లో ఉప్పు కూరలన్నీ అది తింటాండాదనుకుంటి. నాకు నాలిక లేదు, ఏం పెట్టినా తిన్నా. దానికి నాలిక ఉండాది గదా.”

ఆయన చెయ్యి ఇంకా నా ముందు చాపే ఉంది. నరం పైకి లేచి కనబడుతోంది గానీ నా కళ్లకు సరిగా ఆనలేదు. పట్టీ విప్పేసి, సూది ట్రేలో పెట్టి, కాసేపు కూర్చోమన్నాను.